కత్తి అని రాయించిన శనివారం

మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. బళ్ళో చరిత్ర పాఠానికి పిల్లలను ముగ్గురేసి ఒక జట్టుగా చేసి, జట్టుకొక ప్రశ్న ఇచ్చారు. వీళ్ళకు వచ్చిన ప్రశ్న ఇది: ఇస్లాం పుట్టిన తొలి వందేళ్ళలో అంత వేగంగా, అంత దూరం ఎలా వ్యాపించింది? కారణాలు రాయాలి. ఒక్కో కారణానికి ఆధారం చూపించాలి. చివర్లో తరగతి ముందు నిలబడి చెప్పాలి.

జట్టులో మా అమ్మాయి కాక ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు చైనీస్, ఒకరు మలయ్ ముస్లిం. మలయ్ పిల్ల జురాంగ్ వెస్ట్‌లో మా పక్క బ్లాకులోనే ఉంటుంది. తల్లిదండ్రులు విడిపోయాక అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. ఆ అమ్మమ్మకు మా ఇంటికి దగ్గర్లో, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కొట్టుంది. కొబ్బరిపాల పులుసులో అన్నం ముక్కలు వేసిచ్చే లొంతోంగ్ అమ్ముతుంది. మేం ఇండియా నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఎక్కడ ఏం తినాలో తెలియక తిరుగుతున్నప్పుడు, మాంసం లేకుండా ఏదైనా ఇమ్మని అడిగితే, గరిటెతో తిప్పి చూపించి మరీ పెట్టిన మనిషి. అప్పటి నుంచి ఆదివారం టిఫిన్ అక్కడే.

ఒక శనివారం మధ్యాహ్నం ముగ్గురూ మా ఇంట్లో కూర్చుని పని మొదలుపెట్టారు. నా భార్య ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది. మలయ్ పిల్ల ముందు ప్లేటు పెడుతూ, "అంతా వెజిటబులే అమ్మా, నూనె కూడా కొత్త ప్యాకెట్. భయం లేకుండా తిను," అని ఇంగ్లీషులో చెప్పింది. ఆ పిల్ల నవ్వి, "థ్యాంక్యూ ఆంటీ," అంది.

నేను ఊరుకుని ఉంటే బాగుండేది. నాకు పిల్లల ముందు తెలివి చూపించుకోవాలని ఉబలాటం. ఇక్కడ పుట్టి పెరిగిన మా అమ్మాయి నన్ను ఏ సందేహమూ అడగడం మానేసి చాలాకాలమైంది. ఆ రోజు ఆమె స్నేహితుల ముందైనా నాన్నకు కొంత తెలుసు అనిపించుకోవాలనుకున్నాను. సోఫాలోంచి లేచి వెళ్ళి, ప్రాజెక్టు దేని గురించని అడిగాను. మలయ్ పిల్ల ప్రశ్న చదివి వినిపించింది.

"ఇంతేనా? దీనికి ఇంత కష్టపడాలా? ఒక్క మాటలో అయిపోతుంది. కత్తి," అన్నాను. "ఒప్పుకుంటే బతుకు, లేదంటే చావు. మొదటి కారణం అదే. రాసుకో అమ్మా."

పెన్ను ఆ మలయ్ పిల్ల చేతిలోనే ఉంది. ముగ్గురిలో ఆమె దస్తూరి బాగుంటుందని రాసే పని ఆమెకు అప్పజెప్పారట. ఆ పిల్ల మతం గురించి ఆమె చేతే రాయిస్తున్నానన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు అని చెప్పుకోవచ్చు. కానీ తట్టింది. తట్టినా ఆగలేదు.

ఆ పిల్ల తలెత్తి, "అంకుల్, ఇది ఏ ఊరి సంగతి?" అని మెల్లగా అడిగింది.

"అంటే?"

"ఏ ప్రాంతం, ఏ కాలం అన్నది రాయమన్నారు టీచర్. ఒక చోటును గెలవడం వేరు, అక్కడి మనుషులు మతం మారడం వేరు, రెండూ కలిపేయొద్దన్నారు."

"అన్ని చోట్లా అంతే. ఇండియా వాళ్ళం, మాకు తెలియదా?"

ఆ 'మాకు' అన్న మాటలో ఆ పిల్లను అవతలి గట్టున నిలబెట్టేశాను. ఆమె తల వంచి, గుండ్రటి అక్షరాలతో మొదటి కారణం అన్న చోట కత్తి అని రాసింది. దాని ఎదురుగా ఆధారం అన్న గడిలో 'అంకుల్' అని రాసింది. వెక్కిరింపుగా కాదు. గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి రాసింది.

చైనీస్ పిల్ల బజ్జీని చేతిలో పట్టుకుని ప్లేటులోకే చూస్తూ కూర్చుంది. మా అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో పావుగంట ఏదో పని చేశారు. తర్వాత మలయ్ పిల్ల తన ప్లేటు వంటింట్లోకి తీసుకెళ్ళి, వద్దన్నా వినకుండా కడిగి బోర్లించి, అమ్మమ్మ ఎదురుచూస్తుంటుందని చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు మూశాక నా భార్య అడిగింది. "ఆ పాప ముఖం చూసినావా?"

"ఉన్న మాటే కదా చెప్పినా."

"ఉన్నదో లేనిదో నాకు తెల్దు. ఆ పాపతోనే రాయించినావు చూడు, అది మాత్రం నాకు నచ్చలే. గమ్మున ఉండేదానికి నీకేమొచ్చె?"

అప్పటికింకా నాకు సిగ్గు వేయలేదు. నా భార్యకు మొహమాటం ఎక్కువ అనుకున్నాను, అంతే.

మర్నాడు మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుంది. "నాన్నా, నువ్వు చెప్పినదానికి సోర్స్ ఏది?"

"అది అందరికీ తెలిసిందే."

"అందరూ అంటే ఎవరు? టీచర్ ఒప్పుకోరు. పుస్తకమో, పేజీయో చెప్పు."

నేను ఫోన్ తీశాను. ఎక్కడో చదివాను, చాలాసార్లు చదివాను, దొరక్కపోదు అన్న ధీమా. కాలేజీ స్నేహితుల గ్రూపులో వెనక్కి వెళ్ళాను. గుర్రం మీద కత్తి ఎత్తిన మనిషి బొమ్మ ఒకటి దొరికింది. కింద నాలుగు వాక్యాలు, ఎవరు రాశారో లేదు. కారులో కూర్చుని అరుస్తున్న ఒకాయన వీడియో దొరికింది. చివర్లో పదిమందికి పంపండి అని ఉన్న పొడవాటి సందేశం దొరికింది. దాన్ని నేనూ ముగ్గురికి పంపి ఉన్నాను. మా అమ్మాయి నా భుజం మీదుగా అన్నీ చూసింది.

"ఇవేనా?" అంది.

నేను ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాను. సిగ్గు మొదలైంది అప్పుడు.

నేను వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఒక కంపెనీలో డేటా పని చేస్తాను. నా కింద నలుగురు కుర్రవాళ్ళున్నారు. ఎవరైనా ఒక అంకె తెచ్చి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోతే ఆ రిపోర్టు వెనక్కి కొట్టేస్తాను. ఆ విషయంలో నేను చాలా కటువని పేరు. అలాంటివాణ్ణి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని మాటను ఒక చిన్నపిల్ల చేత రాయించాను.

ఆ మాట నాలోకి ఎప్పుడు వచ్చిందా అని ఆ రాత్రి భోజనం దగ్గర కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. చిన్నప్పుడైతే కాదు. మాది కర్నూలు వైపు ఒక చిన్న ఊరు. మా వీధిలో దూదేకుల కుటుంబం ఒకటి ఉండేది. చలికాలం వస్తే ఆ ఇంటి పెద్దాయన విల్లు లాంటి పనిముట్టు భుజాన వేసుకుని వచ్చి, మా వసారాలో కూర్చుని పాత పరుపుల దూది ఏకేవాడు. ఇంటినిండా దూది ఎగిరేది. ఆయన మాట్లాడేది మా తెలుగే. మా అవ్వ ఆయన్ని అన్నా అని పిలిచేది, ఆయన మా అవ్వను చెల్లీ అనేవాడు. పీర్ల పండక్కి పీర్లు ఎత్తుకుని వచ్చేవాళ్ళ కాళ్ళ మీద మా అవ్వ బిందెడు నీళ్ళు పోసి దణ్ణం పెట్టేది. నాకు జ్వరం తగ్గితే చక్కెర పంచుతానని ఆ పీర్ల చావిట్లోనే మొక్కుకుంది.

మీ పెద్దవాళ్ళు ఎట్లా ముసల్మాన్లయ్యారు తాతా అని ఆయన్ని ఒక్కసారైనా అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని అడగని ప్రశ్నకు జవాబు మాత్రం నా దగ్గర సిద్ధంగా ఉంది. అది హాస్టల్లో సగం, ఈ ఊరొచ్చాక రైల్లో ఫోన్ చూసుకుంటూ సగం చేరింది.

ఆ వారం మూడు రోజులు ఆఫీసు నుంచి ఇంటికి రాకుండా జురాంగ్ ఈస్ట్‌లో దిగి లైబ్రరీకి వెళ్ళాను. చరిత్ర పుస్తకాలున్న అరల దగ్గర నిలబడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అక్కడ పనిచేసే ఆమె నాలుగు పుస్తకాలు తీసిచ్చింది. అందులో రెండు కష్టంగా ఉన్నాయి. మిగతా రెండూ మొదటి రోజే సగం చదివాను.

చదివిన కొద్దీ నా ఒక్క మాట జవాబు ఎంత చిన్నదో తెలిసింది. అరేబియాకు అటూ ఇటూ రెండు పెద్ద సామ్రాజ్యాలు ఉండేవి. ఒకటి రోమన్లది, ఒకటి పారశీకులది. తరాల తరబడి ఒకరితో ఒకరు కొట్టుకుని, అప్పటికి రెండూ ఆయాసంతో రొప్పుతున్న స్థితికి వచ్చాయి. మహమ్మారి ఒకటి వచ్చి పట్టణాలను ఊడ్చేసింది. సిరియాలో, ఈజిప్టులో ఉన్న క్రైస్తవుల్లో చాలామందికి రాజధానిలోని మతపెద్దలతో పడేది కాదు. నమ్మకంలో తేడా ఉందని వాళ్ళను వేధించేవారు. పన్నులు సరేసరి. కొత్తగా ఎవరో వచ్చి పాలిస్తామంటే, పాత ప్రభువు కోసం ప్రాణాలిచ్చేంత ప్రేమ చాలాచోట్ల మిగల్లేదు.

ఇటుపక్క అరబ్బు తెగలు. అంతవరకూ ఒకరి ఒంటెలను ఒకరు దోచుకుంటూ బతికినవాళ్ళు, మొదటిసారి ఒక నమ్మకం కింద, ఒక నాయకత్వం కింద ఒక్కటయ్యారు. ఎడారి వాళ్ళకు ఇల్లు లాంటిది. ఓడితే అందులోకి వెనక్కి వెళ్ళిపోగలరు, వెంటపడి ఎవరూ రాలేరు. గెలిచిన పట్టణంతో చాలాచోట్ల ఒప్పందం రాసుకునేవారు. పన్ను కట్టండి, మీ గుళ్ళు మీవి, మీ పొలాలు మీవి అని. కచేరీల్లో లెక్కలు రాసే పాత గుమాస్తాలు కూడా చాలాకాలం పాత భాషలోనే రాసుకుంటూ పోయారు.

నన్ను ఎక్కువ తికమక పెట్టింది ఇంకొకటి. వేగంగా వ్యాపించింది పాలన. జనం మతం మారడం మాత్రం చాలా నెమ్మదిగా, తరాలు పట్టి జరిగింది. మొదట్లో కొందరు పాలకులకు జనం మారడం పెద్దగా ఇష్టమే లేదట. మారితే పన్ను తగ్గుతుంది మరి. మారినవాళ్ళలో పాలకుల సరసన చోటు కోసం మారినవాళ్ళున్నారు, పన్ను తప్పుతుందని మారినవాళ్ళున్నారు, పెళ్ళితో మారినవాళ్ళున్నారు. రాజూ కూలీ ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడే ప్రార్థన చూసి మనసు పడినవాళ్ళూ ఉన్నారు. అంటే ఆ శనివారం ఆ పిల్ల టీచర్ మాటగా నాకు చెప్పింది ఇదే. గెలవడం వేరు, మారడం వేరు. పద్నాలుగేళ్ళ పిల్ల ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇస్తే నేను తోసేశాను.

చదివినదంతా రెండు పేజీలకు కుదించి మా అమ్మాయికిచ్చాను. మరుసటి శనివారం వాళ్ళు మా ఇంటికి రాలేదు. లైబ్రరీలో కలుస్తున్నామని చెప్పింది మా అమ్మాయి. నా కార్డు మీద తీసిన పుస్తకాలు మోసుకొస్తానని వెంటపడ్డాను.

"రా. కానీ మాట్లాడొద్దు," అంది.

పుస్తకాలు బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాను. మలయ్ పిల్ల నా రెండు పేజీలూ శ్రద్ధగా చదివింది. చదివాక కాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చుంది.

"అంకుల్, ఇందులో యుద్ధాలు లేవు," అంది.

"అంటే… మిగతా కారణాలే ముఖ్యం అనిపించి…"

"కానీ యుద్ధాలు జరిగాయి కదా. సిరియాలో జరిగాయి, ఇరాక్‌లో జరిగాయి. మనుషులు చచ్చిపోయారు, బానిసలయ్యారు. అవి లేకుండా మిగతాది అర్థం కాదు." ఒక్క క్షణం ఆగి, "నా కోసం తీసేశారా?" అని అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను. అది అబద్ధం. ఆమె నొచ్చుకుంటుందనే తీసేశాను, అంతకంటే ఎక్కువగా నా కోసం తీసేశాను. మొదటి వారం చేసిన తప్పును చెరిపేయాలని రెండో వారం ఇంకో తప్పు చేశాను. రెండుసార్లూ ఆ పిల్లకు సగం నిజమే ఇచ్చాను.

తన నోట్సు తెరిచి చూపించింది. యుద్ధాలే మొదటి కారణం. దాని కింద రెండు సామ్రాజ్యాలు ఎందుకు అలసిపోయాయో, తెగలు ఎలా ఒక్కటయ్యాయో, ఒప్పందాలు ఎలా ఉండేవో, ఒక్కోదానికి పుస్తకం పేజీతో సహా ఉంది. నా పుస్తకాలు వాళ్ళకు అవసరమే లేదు. మా అమ్మాయి నన్ను చూసిన చూపుకు నేను ఇంటికి బయల్దేరాను.

ఇక్కడితో ఆగి ఉన్నా కొంత నయం. నాకు మనసు కుదురుగా లేదు. ఎవరికో ఒకరికి క్షమాపణ చెప్పుకుంటే తప్ప తేలిక పడనని అనిపించింది. ఆ పిల్లకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. చిన్నపిల్ల ముందు తల దించాలంటే అహం అడ్డొచ్చింది. అందుకని పెద్దావిడ దగ్గరకు వెళ్ళాను.

ఆదివారం పదకొండు గంటలకు, టిఫిన్ రద్దీ తగ్గాక, ఒక్కణ్ణే కొట్టు దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఎప్పటిలాగే, "వెజిటబుల్ ఓన్లీ, యా?" అంటూ గిన్నె అందుకుంది.

"మక్‌చిక్," అన్నాను. పెద్దావిడలను మలయ్‌లో అలాగే పిలుస్తారు. "మీ మనవరాలు మా ఇంటికి వచ్చినప్పుడు మీ మతం గురించి నేనొక మాట అన్నాను. తప్పు మాట. క్షమించండి."

ఆవిడ గరిటె ఆపింది. "ఏం మాట?"

చెప్పాను. చెబుతుంటేనే తెలిసింది, ఆవిడకు ఇదంతా కొత్త అని. ముఖంలో రంగు మారింది.

"నాతో అలా చెప్పలేదు," అంది. "అంకుల్ చాలా హెల్ప్ చేశారు, బాగా చదువుకున్నారు అంది. ఆంటీ కొత్త నూనె ప్యాకెట్ విప్పి చేసిందని కూడా చెప్పింది."

నేను చేతిలో ఉన్న చిల్లర మళ్ళీ లెక్కపెట్టాను.

"ఇప్పుడు నాకెందుకు చెప్పావు?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. "తెలియనప్పుడు నువ్వు నాకు మంచి మనిషివి. ఇప్పుడు రేపటి నుంచి నిన్ను చూస్తే ఇది గుర్తొస్తుంది. నన్నేం చెయ్యమంటావు?"

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆవిడ నా పొట్లం కట్టి ఇచ్చి, వాళ్ళకు ఏం కావాలో అడిగింది. పొట్లంలో ఎప్పుడూ వేసేదానికంటే తక్కువేం వేయలేదు. ఎక్కువా వేయలేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయి గదిలోంచి ఫోన్ పట్టుకుని వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. అమ్మమ్మ ఆ పిల్లను కూర్చోబెట్టి అడిగిందట. ఇంకెక్కడెక్కడ ఇలాంటివి విన్నావు, నాకు చెప్పకుండా ఎన్ని దాచావు అని. ఇక ఎవరి ఇళ్ళకూ వెళ్ళొద్దందట.

"ఎందుకు చెప్పావు నాన్నా?" అంది మా అమ్మాయి. "తను నీ కోసం దాచింది. నువ్వు నీ కోసం చెప్పేశావు."

కాసేపటికి మా అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత సూటిగా చదవలేదు. పైగా తెలుగులో అంది. ఇంట్లో తను తెలుగులో మాట్లాడటమే అరుదు.

వారం తర్వాత ఆ పిల్ల బస్టాపులో ఒంటరిగా కనిపించింది. ఈసారి ఏమీ సిద్ధం చేసుకోలేదు. దగ్గరకు వెళ్ళి, "నీ చేత ఆ మాట రాయించడం తప్పు. మీ అమ్మమ్మకు చెప్పడం ఇంకో తప్పు. రెండిటికీ సారీ," అన్నాను.

"ఇట్స్ ఓకే, అంకుల్," అంది వెంటనే. ఆ జవాబు ఎంత తొందరగా వచ్చిందంటే, అది నాకంటే ముందు చాలామందికి చెప్పి అలవాటైందని అర్థమైంది.

"ఓకే కాదమ్మా," అన్నాను.

నావైపు చూసింది. సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "సరే. ఓకే కాదు," అంది. అప్పుడే బస్సు వచ్చింది. ఎక్కే ముందు వెనక్కి తిరిగి, "ప్రెజెంటేషన్ గురువారం," అని చెప్పి ఎక్కింది. ఎందుకు చెప్పిందో నాకిప్పటికీ సరిగా తెలియదు.

గురువారం వాళ్ళు బాగా చెప్పారట. గెలవడానికీ మారడానికీ మధ్య తేడా చూపిన భాగాన్ని టీచర్ మెచ్చుకున్నారట. పిల్లల స్నేహం నిలిచింది. రైల్లో కలిసి వెళ్తారు, లైబ్రరీలో కలిసి చదువుకుంటారు. ఆ అమ్మాయి మా ఇంటికి మాత్రం రాలేదు. నా భార్య ఒకటి రెండుసార్లు రమ్మని చెప్పి పంపి, తర్వాత మానేసింది. ఆదివారం టిఫిన్‌కు మేం అక్కడికే వెళ్తున్నాం. ఆవిడ నా భార్యతో మాట్లాడుతుంది. నాకు గిన్నె అందిస్తుంది.

కొన్ని నెలలకు జురాంగ్ ఈస్ట్‌లో ఒక స్నేహితుడింట్లో భోజనాలకు కలిశాం. నాలుగు తెలుగు కుటుంబాలు. మాటల మధ్య ఒకాయన నేను ఆ శనివారం అన్న మాటే, దాదాపు అవే పదాలతో అన్నాడు. అందరూ తలలూపారు. అది అంత సులువైన లెక్క కాదని, జనం మారడానికి తరాలు పట్టిందని మొదలుపెట్టాను. రెండు సామ్రాజ్యాల దాకా వచ్చాను.

"ఏంది బావా, టోపీ ఎప్పుడు పెట్టుకుంటున్నావు?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. నవ్వి ఆపేశాను. ఎవరో సెకండరీ స్కూలు సీట్ల సంగతి ఎత్తారు, మాట అటు పోయింది.

పక్క గదిలో పిల్లలతో ఉన్న మా అమ్మాయి వినలేదనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేనే చెప్పాను, ఇట్లా మొదలుపెట్టి మధ్యలో ఆపేశానని, వాళ్ళతో పాటు నవ్వేశానని.

"విన్నాను," అంది కిటికీ వైపు చూస్తూనే. కాస్సేపటికి ఇటు తిరిగి, "ఎందుకు నవ్వావు?" అని అడిగింది.

భయమేసిందని చెప్పాను. ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరగలేదు. మా స్టేషన్ వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది.